దర్జీ కొట్టేసిన కేసు

కత్తెర పోయిన రోజున దర్జీ డిటెక్టివ్ అయ్యాడు.

అంతకు ముందు అతను ఒట్టి దర్జీ. కొలతలు వెంట్రుకవాసి తేడా లేకుండా తీసేవాడు, చెప్పిన రోజుకి మాత్రం ఇచ్చేవాడు కాదు. "రేపు" అనే మాటని అతనంత గొప్పగా వాడుకున్నవాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు. ఒకరోజు పొద్దున దుకాణం తెరిచి చూస్తే పెద్ద కత్తెర కనిపించలేదు. ఇస్త్రీ చేసే అతన్ని అనుమానించాడు. గుండీలు తెచ్చి వేసే అతన్ని అనుమానించాడు. ప్యాంటు బిగుతైందని గొడవపడి వెళ్లిన బ్యాంకు గుమాస్తాని మరీ గట్టిగా అనుమానించి, జేబులో కత్తెర ఉన్నవాడి నడక ఎలా ఉంటుందో తేల్చుకోవడానికి అతని వెనకే వీధి మలుపు దాకా వెళ్లాడు. పొద్దుగూకి స్టూలు మీద నుంచి లేచినప్పుడు, రోజంతా తను కూర్చున్న మెత్త కిందే కత్తెర దొరికింది.

ఇంకొకరైతే నాలిక కరుచుకుని ఊరుకునేవారు. దర్జీ అదే స్టూలెక్కి, వీధంతా వినబడేలా ప్రకటించాడు.

"ఈ లోకంలో నేరస్థులు రెండు రకాలు. నాకు దొరికిపోయినవాళ్లు, నా సంగతి ఇంకా తెలియనివాళ్లు. కత్తెర దొంగ నా చూపుకి బెదిరిపోయి, సొత్తుని నా కిందే పెట్టి పారిపోయాడు. ఇవాళ్టి నుంచి ఈ మెదడు ప్రజలకి అంకితం."

ప్రజలు వద్దన్నారు గానీ అతను వినలేదు.

ఆ మాటలు విని అందరికంటే ఎక్కువ నవ్వినవాడు అతని అన్నయ్య, బళ్లో డ్రాయింగు మాస్టారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, కుంచె పట్టుకొచ్చి, "ఇచ్చట దుస్తులు కుట్టబడును" అని ఒకప్పుడు తనే రాసిచ్చిన బోర్డు కింద ఇంకో వరుస చేర్చాడు. "రహస్యాలు విప్పబడును." ఆయన వేళాకోళానికి రాశాడు. తమ్ముడు దాన్ని లైసెన్సు అనుకున్నాడు.

ఆ బోర్డు ఇప్పటికీ ఉంది. రాసినాయన వానలకి ముందు పోయాడు.

మాస్టారి భార్య అదే బళ్లో ఒకటో తరగతి టీచరు. ఏడిచినా గది తలుపు వేసుకుని ఏడ్చే మనిషి. బయటికి వచ్చేసరికి ముఖం కడుక్కుని, చీర కుచ్చిళ్లు సవరించుకుని ఉండేది. మనిషి పోయినా పని పోదు కదా అన్నట్టుగా, మాస్టారు సగంలో వదిలేసిన పనిని ఆమె చేతిలోకి తీసుకుంది.

ఆ పని అక్షరాలది. ఒకటో తరగతి పిల్లలు మాస్టారు నల్లబల్ల మీద రాస్తే గడగడా చదివేవాళ్లు, అదే అక్షరం పుస్తకంలో కనిపిస్తే కొత్త చుట్టాన్ని చూసినట్టు బిక్కమొహం వేసేవాళ్లు. అందుకని ఆయన తన చేతిరాతనే అచ్చు అక్షరాలుగా చేసి, దానితో పిల్లలకి ఒక వాచకం వేద్దామనుకున్నాడు. అ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అట్టముక్క మీద ఒక్కో అక్షరం కుంచెతో గీశాడు. వరుసగా గీసుకుంటూ చిట్టచివరికి వచ్చి, బండి ర దగ్గర ఆగాడు. ఎవరూ పెద్దగా వాడని ఱ కోసం తొందరేమిటనేవాడు. అది బండిచక్రంలా నిజంగా తిరుగుతున్నట్టుండాలి, తీరిగ్గా కూర్చుని గీస్తాననేవాడు.

అట్టముక్కల్ని అచ్చు అక్షరాలుగా మార్చాలంటే గట్టి కంప్యూటర్ కావాలి. ఇంట్లో ఉన్న పాతది ఒక్క అక్షరం చూపిస్తేనే అలిసిపోయి పడుకునేది. అందుకని ఆయన భాగాలు విడివిడిగా కొని, డబ్బాలు విప్పకుండా బీరువాలో పేర్చాడు. సెలవుల్లో ఇద్దరం కూర్చుని బిగిద్దాం అన్నాడు. సెలవులు వచ్చాయి.

టీచరు ఒక్కతే బిగించింది. భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి, సాయంత్రం పూట కాస్త కాస్తగా, డబ్బాలో వచ్చిన సూచనల కాగితాన్ని పిల్లలకి పాఠం చెప్పినట్టు చదువుకుంటూ. ఒక వాక్యం అర్థమయ్యాకే తరవాతి వాక్యం. మూత బిగించిన రోజున మరిది, అంటే మన దర్జీ, ఒక తొడుగు కుట్టి తెచ్చాడు. కొత్త వస్తువు మీద దుమ్ము పడకూడదన్నాడు. నీలం గళ్ల బట్ట. పెట్టెకి టేపు పెట్టి కొలిచి మరీ కుట్టాడేమో, ఒంటికి పట్టినట్టు ఉంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని లాగితే గానీ ఎక్కలేదు. ఆ బట్ట ఎక్కడిదో టీచరుకి తెలుసు. అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

కూతురు ఆస్పత్రిలో నర్సు, ఊరికి అవతలి కొసన ఉంటుంది. అమ్మ ఆ పెట్టె ముందు కూర్చుని తిండి సంగతి మరిచిపోతోందని ఆమెకి తెలిసింది. శనివారం ఫోన్ చేసింది. మొదట తిన్నావా అని అడిగింది, తరవాత పడుకున్నావా అని అడిగింది, ఆ తరవాత అసలు సంగతికి వచ్చింది.

"రేపు సాయంత్రం వస్తానమ్మా. అప్పటికి అది వెలిగితే సరే. లేకపోతే విప్పేసి ఆ సామానంతా షాపులో ఇచ్చేద్దాం. అది నాన్న కాదమ్మా. పెట్టె."

టీచరు సరేనంది. కూతురు చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే ఆమెకి కష్టమనిపించింది.

ఆదివారం పొద్దున తొడుగు ఊడదీసి, బల్ల తుడిచి, మీట నొక్కింది. లోపల ఫ్యాన్లు తిరిగాయి. ఎర్రదీపం వెలిగింది. తెర మీద మాత్రం "సిగ్నల్ లేదు" అని ఒక ముక్క వచ్చి, అదీ ఆరిపోయి, అంతా చీకటైంది. ఆపి మళ్లీ నొక్కింది. అదే ముక్క, అదే చీకటి. షాపుకి ఫోన్ చేస్తే ఆదివారం కాబట్టి ఎవరూ ఎత్తలేదు. పెట్టె లోపల చూడటానికి కనీసం టార్చిలైటైనా ఉంటే బాగుండునని మరిదికి ఫోన్ చేసింది. అక్కడే పొరపాటు జరిగింది. కంప్యూటర్ భాగాలన్నీ పెట్టి మూసే ఆ ఇనప డబ్బాని షాపువాళ్లు కేసు అంటారు. టీచరు కూడా ఆ మాటే వాడింది.

"కేసులో అన్నీ సరిగ్గానే బిగించానయ్యా. అయినా లేవడం లేదు."

కేసు, లేవడం లేదు. మరిది చెవిలో ఈ రెండే పడ్డాయి. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టేలోపే అతను గుమ్మంలో ఉన్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్ద, చంకలో గజం బద్ద. టార్చిలైటు తేలేదు.

"ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు."

"ఇక్కడున్నది నేనొక్కదాన్నే."

"అయితే నువ్వే ముట్టుకోవద్దు వదినా."

చెవి మీది సుద్ద తీసి, బల్ల మీద పరిచిన దుప్పటి మీద పెట్టె చుట్టూ గీత గీశాడు. శవం చుట్టూ గీసినట్టే, కాకపోతే అలవాటు కొద్దీ కుట్టుకి అరంగుళం వదిలి గీశాడు. భూతద్దం లేదు కాబట్టి కళ్లజోడు ఊడదీసి, ఒక అద్దంలోంచి పెట్టెని చూశాడు. ఆ తరవాత వెనక్కి నడిచి, చేతులు కట్టుకుని, తన వృత్తి రహస్యం బయటపెట్టాడు.

"వదినా, ప్రతి ఆధారంలోనూ ఒక దారం ఉంటుంది. కుట్టు ఉన్నచోట కుట్ర ఉంటుంది. ఇది నేను చదివి చెబుతున్నది కాదు, అనుభవం. చెప్పు, ఇది ఆఖరిసారిగా ఎప్పుడు మాట్లాడింది?"

"అసలెప్పుడూ మాట్లాడలేదు. కొత్తది."

"అంటే నోరు విప్పకముందే నోరు నొక్కేశారు. మంచి చెయ్యి తిరిగినవాడి పని."

"ఎవరూ ఏమీ నొక్కలేదు. బూట్ కావడం లేదు, అంతే."

దర్జీ వంగి బల్ల కింద చూశాడు. అక్కడ టీచరు చెప్పులు తప్ప ఏమీ లేవు.

"బూట్ల కేసులు నేను చూడను వదినా. నాది బట్టల శాఖ."

అయినా దయతలచి చూడటానికి ఒప్పుకున్నాడు. పెట్టెని నాలుగువైపులా కొలిచాడు. ముఖం వైపు చాలాసేపు చూసి, తయారుచేసినవాడి పనితనాన్ని మెచ్చుకున్నాడు. గుండీలు రెండున్నాయట. పెద్దది పొంగి పైకుందట, పక్కన చిన్నది లోపలికి అణిగి కూర్చుందట, కాజాలో గుండీ అంత చక్కగా అమరడం ఈమధ్య కాలంలో తను చూడలేదట. టీచరు స్క్రూలు విప్పే హడావిడిలో ఆ మాట వినిపించుకోలేదు.

ఆమె లెక్క వేరు. తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు మొదటి మెట్టు నుంచి చూసుకుంటూ రావాలని పిల్లలకి ఆమే చెబుతుంది. తెర తీగ ఊడదీసి మళ్లీ పెట్టింది. కరెంటు తీగలు ఒక్కొక్కటీ వేలితో నొక్కి చూసింది. ర్యామ్ సరిగ్గా కూర్చోలేదేమో అంటూ, ఆ సన్నటి పట్టీని తీసి, గాడిలోకి టక్కుమనేదాకా మళ్లీ నొక్కింది. ఇన్ని గంటలు ఒకేచోట కూర్చుంటే ఎవరికైనా నడుం పట్టేస్తుందని మరిది జాలిపడ్డాడు. మదర్‌బోర్డు మీదే అనుమానంగా ఉందని ఆమె అన్నప్పుడు మాత్రం అతనికి కోపం వచ్చింది. ఎంత చెడ్డా తల్లిని అనుమానించే స్థాయికి తను ఇంకా దిగజారలేదన్నాడు.

ప్రతిసారీ మీట నొక్కడం, ఫ్యాన్లు తిరగడం, సిగ్నల్ లేదనడం. అది అలా అన్నప్పుడల్లా టీచరు ఒక క్షణం కళ్లు మూసుకుని, తెరిచి, తరవాతి తీగ దగ్గరికి వెళ్లేది. మరిది అది చూశాడు. చూసి, ఇంకా గట్టిగా పరిశోధించడం మొదలుపెట్టాడు.

అప్పుడు దొరికింది మొదటి ఆధారం. బల్ల అంచున ఒక నీలం దారప్పోగు. దర్జీ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, వెలుగులో చూసి, జేబులోంచి కవరు తీసి అందులో వేశాడు. కాసేపటికి కుర్చీ మీద ఇంకొకటి. కిటికీ దగ్గర ఒకటి. గుమ్మం దగ్గర రెండు. తను ఎక్కడెక్కడ నిలబడ్డాడో సరిగ్గా అక్కడక్కడే దొరుకుతుండటం చూసి, నేరస్థుడు తన కంటే ఒక్క అడుగు ముందున్నాడని నిర్ణయానికి వచ్చాడు. టీచరు ఒకసారి తలెత్తి, మరిది భుజాల నిండా అంటుకుని ఉన్న దారాలకేసి చూసి, మళ్లీ తల దించుకుని స్క్రూ తిప్పుకుంది.

"వాడు ఎడంచేతి వాటం మనిషి," అన్నాడతను ఎడంచేత్తో కవరు మూస్తూ. "సన్నగా ఉంటాడు. నీలం దారం వాడతాడు. ఈ ఇంటికి రాకపోకలు ఉన్నవాడే, కుక్కలు మొరగవు."

"ఈ వీధిలో కుక్కల్లేవు."

"చూశావా, వాటిని ముందే తప్పించాడు."

నేరం జరిగిన తీరుని మళ్లీ కళ్లకి కట్టాలంటే మొత్తం చీకటి కావాలని, అతను వరండాలోకి వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. పట్టపగలు కాబట్టి చీకటి కాలేదు. కింద వాటాలో ఉండే ప్లీడరుగారి ఫ్యాను మాత్రం ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం నిద్ర చెడిన ప్లీడరుగారు బనీనుతో పైకొచ్చారు. ఆయన కోర్టు మానేసి చాలాకాలమైంది గానీ కోర్టు ఆయన్ని ఇంకా మానలేదు.

"ఏమిటి కేసు?" అన్నారు గుమ్మంలో నిలబడి.

"ఇదే కేసు," అన్నాడు దర్జీ పెట్టె మీద చెయ్యి వేసి.

"అది కాదయ్యా, నేరం ఏమిటి?"

"కేసులోనే ఉంది నేరం."

"ఏ కేసులో?"

"ఈ కేసులో."

ప్లీడరుగారు కళ్లు నులుముకుని టీచరు వైపు చూశారు. ఆమె ఓపిగ్గా సంగతి చెప్పింది, ఫ్యాను గురించి క్షమాపణ కూడా చెప్పింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, నీలం దారాల కవరు తెప్పించుకుని చూసి, పెదవి విరిచారు.

"సాక్షుల్లేరు, ప్రతివాది లేడు. దారాలు పట్టుకుని ఏం చేస్తావు? ఇలాంటి కేసు ఎవరైనా కొట్టేస్తారు."

దర్జీ చేయి పెట్టె మీద బిగిసింది.

"ఎవరు కొట్టేస్తారు?"

"నేనైనా కొట్టేసేవాణ్ణి. ఇప్పటిదాకా ఉంచడమే ఎక్కువ."

"విన్నావా వదినా. కేసు కొట్టెయ్యడానికే ఫ్యాను వంకతో వచ్చారు. పెద్దమనిషి అనుకున్నాం."

ప్లీడరుగారికి తన మీద దొంగతనం అంటగట్టారని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన లేచి నిలబడి పరువునష్టం గురించి మాట్లాడారు. కొట్టెయ్యడం అంటే కోర్టు భాషలో ఒకటి, వీధి భాషలో ఇంకొకటి అని టీచరు ఇద్దరికీ మధ్య నిలబడి వ్యాకరణం చెప్పాల్సి వచ్చింది. చెబుతుండగా, చాలా రోజుల తరవాత, ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. మాస్టారు ఉంటే ఈపాటికి గోడ పట్టుకుని నవ్వుతూ ఉండేవాడు. ఆ తలపు వచ్చాక పెదవులు మళ్లీ మామూలుగా అయిపోయాయి. ఆమె వెళ్లి మెయిన్ స్విచ్ వేసింది.

మూడో ఝాముకి మరిది హుషారు తగ్గింది. టీచరు ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుని, బీరువా పక్కన వరసగా పెట్టి ఉన్న అక్షరాల అట్టముక్కలకేసి చూస్తూ కూర్చున్నాడు.

"వదినా, ఇది వెలగకపోతే సాయంత్రం పాప వచ్చి నిజంగానే పట్టుకుపోతుందా?"

"పోతుంది."

"పోనీ, నువ్వు వద్దని చెప్పొచ్చు కదా."

"ఏమని చెప్పను? వెలగని పెట్టె ముందు కూర్చుంటానని చెప్పనా?"

అతను టీ కప్పు కింద పెట్టాడు.

"ఒక్కో డబ్బా కొన్నప్పుడల్లా అన్నయ్య ముందు దుకాణానికే తెచ్చేవాడు, నాకు చూపించడానికి. ఇది ఇందుకూ, అది అందుకూ అని చెప్పేవాడు. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టు తలూపేవాణ్ణి. అయినా చెబుతూనే ఉండేవాడు."

టీచరు చల్లారిన టీ తీసుకెళ్లి వేడిచేసి తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం కూతురు వచ్చింది. చేతిలో పళ్ల సంచి, సంచిలో స్క్రూడ్రైవరు. అమ్మ ముఖం చూసింది, బల్ల మీద సుద్దగీత చూసింది, బాబాయిని చూసింది. చీకటిగా ఉన్న తెర ముందు కూర్చుని, వెలిగిందా అని కాకుండా, తిన్నావా అనే అడిగింది. చివరిసారిగా ఒక్కసారి చూడమని టీచరు మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, ఎర్రదీపం వెలిగింది, సిగ్నల్ లేదు.

"చాలమ్మా," అంది కూతురు మెల్లిగా. "విప్పేద్దాం."

దర్జీ అడ్డంగా నిలబడ్డాడు. డిటెక్టివ్ ఎవరైనా సరే అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి నేరస్థుణ్ణి బయటపెట్టేదాకా సామాను కదిలించకూడదని, అది శాస్త్రమని చెప్పాడు. అందరూ అనడానికి చాలరని కింద నుంచి ప్లీడరుగారిని కూడా పిలుచుకొచ్చాడు. ఆయన పరువునష్టం సంగతి ఇంకా మరిచిపోలేదు గానీ, ముగింపు చూడకుండా ఉండలేక వచ్చారు.

పెట్టెలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. దర్జీ గజం బద్దని చేతికర్రలా పట్టుకుని గది మధ్యలో నడిచాడు.

"నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు. ఎవరూ తలుపు వైపు చూడొద్దు. వాడు ఎడంచేతి వాటం. సన్నటి మనిషి. ఈ ఇంటికి అలవాటైనవాడు, వచ్చినప్పుడల్లా టీ చల్లార్చి తాగుతాడు. ఒంటి నిండా నీలం దారాలు. వృత్తిరీత్యా కత్తెర, సూది చేతబట్టే మనిషి. పొద్దున్నించీ ఈ పెట్టెని వదలకుండా తిరిగాడు. వాణ్ణి మీరంతా చూశారు, కానీ వాడి మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే..."

ఎందుకో చెప్పబోయి ఆగాడు.

"బాబాయ్," అంది కూతురు, "నువ్వు చెబుతున్నది నీ గురించే."

దర్జీ తన ఎడంచేతికేసి చూసుకున్నాడు. భుజం మీద నుంచి ఒక దారప్పోగు తీసి చూసుకున్నాడు. కవరు తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాడు. అతని మీసాలు కిందికి వాలాయి.

"అన్ని ఆధారాలూ సరిపోతున్నాయి," అన్నాడు నెమ్మదిగా. "కానీ నేనెందుకు చేస్తాను? మా అన్నయ్యది కదా."

ప్లీడరుగారికి జాలేసింది. పరువునష్టం దావా మనసులోనే వాపసు తీసుకున్నారు.

"దారం ఉన్నంత మాత్రాన దోషి కాడయ్యా. ఉద్దేశం లేని చోట నేరం లేదు. చెప్పాను కదా, ఈ కేసు కొట్టేయాల్సిందే."

దర్జీ తలూపాడు. ఈసారి ఆ మాటకి కోర్టు అర్థమే తీసుకున్నాడు. టేపు మెడలోంచి తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. కత్తెర దొరికిన నాటి నుంచి అతను ఓటమి ఒప్పుకున్నది లేదు. ఓడినా ఘనంగా ఓడాలని, జడ్జిగారు సుత్తి ఎత్తినట్టు గజం బద్ద పైకెత్తాడు.

"డిటెక్టివ్ దర్జీ జీవితంలో మొట్టమొదటిసారిగా, సాక్ష్యాధారాలు చాలనందున, ఈ కేసు కొట్టేస్తున్నాను."

అని పెట్టె నెత్తిన ఒక్కటి కొట్టాడు.

టిక్కుమంది. చాలా చిన్న చప్పుడు. పెట్టె ముఖాన, పొద్దున్నించీ లోపలికి అణిగి ఉన్న ఆ చిన్న గుండీ బయటికి లేచింది. పెట్టె ఒక్కసారి కూత పెట్టింది. ఆ వెంటనే తెర మీద తెల్లటి అక్షరాలు ఒక వరుస, దాని కింద ఇంకో వరుస, ఎవరో పైనుంచి కిందికి రాసుకుంటూ వస్తున్నట్టుగా దిగాయి.

అందరికంటే ముందు తేరుకున్నవాడు దర్జీ. తేరుకుని, గజం బద్దని భుజాన వేసుకుని, నేరస్థులకి మాటలు చాలవని, కొందరికి దెబ్బే భాష అని, పొద్దున్నే ఈ సంగతి తనకి తెలుసు గానీ సాక్షుల కోసం సాయంత్రం దాకా ఆగానని వివరించాడు. ప్లీడరుగారు ఇంతకాలం తను కొట్టేయించిన కేసుల్లో ఏ ఒక్కటీ ఇలా వెలగలేదని ఒప్పుకున్నారు. కూతురు తెర దగ్గరికి వంగి చదివి, అన్నీ బాగానే ఉన్నాయని, సిస్టం ఎక్కించమని అడుగుతోందని చెప్పింది. చెబుతూ చెబుతూ స్క్రూడ్రైవరు తీసి సంచిలో పళ్ల కింద పెట్టేసింది.

టీచరు మాత్రం ఆ చిన్న గుండీనే చూస్తోంది. అది మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమని యంత్రానికి చెప్పే మీట అని సూచనల కాగితంలో చదివింది. అది నొక్కుకుపోయి ఉంటే, యంత్రం ఎంతసేపూ మొదలుపెడుతూనే ఉంటుంది, మొదలవదు. గుండీకీ దాని కాజాకీ మధ్య సందులోంచి సన్నగా ఏదో వేలాడుతోంది. ఆమె వంగి గోటితో పట్టి లాగింది. నీలం దారప్పోగు. పొడుగాటిది, బట్ట అంచు నుంచి ఊడినది, గుండీని లోపలికి పట్టి ఉంచినది.

ఆమె కుర్చీ మీద మడిచి ఉన్న తొడుగుకేసి చూసింది. ఒంటికి పట్టినట్టు కుట్టిన నీలం గళ్ల తొడుగు. ఆ బట్ట మాస్టారు చొక్కా కోసమని కొని తమ్ముడికిచ్చింది. ఎప్పుడడిగినా తమ్ముడు రేపన్నాడు. మాస్టారు కూడా నవ్వి, సరే రేపే అనేవాడు.

"ఏంటి వదినా," అన్నాడు మరిది ఆమె చేతికేసి చూస్తూ, "ఆధారమా?"

టీచరు గుప్పిట మూసింది.

"ఏం లేదు. దుమ్ము."

"చెప్పానా, దుమ్ము పడుతుందని. అందుకే తొడుగు కుట్టింది."

"అవును. కాస్త బిగుతుగా ఉంది. వదులు చేసిపెట్టు."

"ఎంత వదలమంటావు?"

"ఊపిరాడేంత."

"రేపిస్తాను," అన్నాడు దర్జీ.

కూతురు పకపకా నవ్వింది. ప్లీడరుగారు నవ్వారు. టీచరు కూడా నవ్వింది. నవ్వు వచ్చాక దాన్ని ఆపలేకపోయింది, ఆపడానికి గది తలుపు వేసుకోవాలని కూడా తోచలేదు. దర్జీ తనూ నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

అందరూ వెళ్లిపోయాక టీచరు ఆ దారప్పోగుని మాస్టారి కుంచెల డబ్బాలో, అన్నిటికంటే సన్నటి కుంచెకి చుట్టి పెట్టింది. దుప్పటి మీది సుద్దగీత దులపలేదు. సిస్టం ఇంకా ఎక్కించాలి. అట్టముక్కల మీది అక్షరాల్ని ఒక్కొక్కటే లోపలికి చేర్చాలి. బండి కదిలింది. బండి ర ఇంకా గీయాల్సి ఉంది.